కాన్పుతో పోని బీపీ

గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగింది. మాత్రలు వేసుకున్నారు. నెలలు నిండకముందే సిజేరియన్ చేయాల్సి వచ్చింది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి చేరుకున్నారు. కొన్ని వారాలకు బీపీ మామూలైంది, మాత్రలూ ఆపేశారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడితో ఆ సంగతి అంతా మరచిపోతారు. అత్తింటివారూ, పుట్టింటివారూ, చివరికి ఆమె కూడా. కానీ రక్తనాళాలు అంత తేలికగా మరచిపోవు.

గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగినవారికి తర్వాతి కాలంలో అధిక రక్తపోటు, గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం ముప్పు మిగతావారి కన్నా ఎక్కువని రెండు దశాబ్దాలుగా అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని మహిళల్లో గుండెజబ్బు ముప్పును పెంచే అంశాల జాబితాలో చేర్చింది. అయినా ఛాతీలో నొప్పితో వచ్చిన యాభై ఏళ్ల మహిళను ‘షుగర్ ఉందా? మీ నాన్నగారికి గుండెజబ్బు ఉండేదా?’ అని అడిగినంత మామూలుగా ‘కాన్పులప్పుడు బీపీ వచ్చిందా?’ అని అడగటం మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు. అడగకపోయినా మనంతట మనమే చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

అన్ని బీపీలూ ఒకటి కావు

ప్రతి 100 మంది గర్భిణుల్లో సుమారు 5 నుంచి 10 మందికి బీపీ సమస్య ఎదురవుతుంది. కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు పై సంఖ్య 140 గానీ, కింది సంఖ్య 90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే బీపీ ఉన్నట్టే. ఇది 20 వారాల తర్వాత కొత్తగా మొదలై, ఇతరత్రా ఇబ్బందులేవీ లేకపోతే గర్భంతో వచ్చిన బీపీ అంటారు. గర్భం రాకముందు నుంచీ ఉన్నా, 20 వారాల లోపే బయటపడినా అది అంతకుముందు నుంచీ ఉన్న బీపీ కిందే లెక్క. ఇక్కడో చిక్కుంది. గర్భం మధ్య నెలల్లో ఎవరికైనా బీపీ సహజంగానే కాస్త తగ్గుతుంది. అందువల్ల పెళ్లికి ముందు నుంచే బీపీ ఉన్నా అది తెలియకుండా దాగిపోయి, ఏడో నెలలో కొత్తగా వచ్చినట్టు కనిపించొచ్చు. మన దగ్గర పాతికేళ్ల అమ్మాయిలకు బీపీ చూసే అలవాటు ఎక్కడుంది? చాలామందికి జీవితంలో మొదటిసారి బీపీ పట్టీ చేతికి చుట్టేది గర్భిణిగా పేరు రాయించుకున్న రోజునే!

బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటున్న జాడలు కనిపించినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారటం వంటివి ఉన్నా.. అది ప్రీఎక్లాంప్సియా. దీనికి ఫిట్స్ కూడా తోడైతే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడేది దీన్నే. ఫిట్స్ వచ్చిన గర్భిణికి గాలి సోకిందనుకొని సమయం వృథా చేసిన రోజులున్నాయి. ప్రపంచవ్యాప్తంగా తల్లుల మరణాలకు అధిక రక్తస్రావం తర్వాత అతిపెద్ద కారణం ఈ బీపీ సమస్యలేనన్నది మరవకూడదు.

మూలం మాయలో..

బిడ్డకు రక్తం అందాలంటే గర్భాశయంలోని సన్నటి రక్తనాళాలు పెద్దవి కావాలి. మామూలుగానైతే మాయ నుంచి వచ్చే కణాలు ఈ నాళాల్లోకి చొచ్చుకెళ్లి, వాటి గోడల్లోని కండరాన్ని తొలగించేస్తాయి. దీంతో పిల్లకాలువల్లాంటి నాళాలు వెడల్పాటి కాలువల్లా మారిపోతాయి. ఇక అవి బిగుసుకుపోలేవు. రక్తం ధారాళంగా వస్తూనే ఉంటుంది. కొందరిలో ఈ పని సగంలో ఆగిపోతుంది. నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. బిడ్డ పెరుగుతున్నకొద్దీ మాయకు రక్తం చాలదు.

రక్తం చాలని మాయ ఊరుకోదు. కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. మన రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి కొన్ని వృద్ధి కారకాలు అవసరం. మాయ వదిలిన ప్రొటీన్లు వీటిని పట్టేసుకుంటాయి. దీంతో ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. నాళాలు బిగుసుకుపోయి బీపీ పెరుగుతుంది. పొర సందుల్లోంచి నీరు బయటికి వచ్చి ముఖం, చేతులు ఉబ్బుతాయి. కిడ్నీల్లో వడపోత చెడి ప్రొటీన్ మూత్రంలోకి పోతుంది. కాలేయం ఉబ్బితే కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తుంది. మెదడులో అయితే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చివరికి ఫిట్స్. అంటే ప్రీఎక్లాంప్సియా కేవలం బీపీ జబ్బు కాదు, ఒళ్లంతటి రక్తనాళాల జబ్బు. ఈ ఒక్క ముక్క అర్థమైతే గుండెతో దీనికున్న సంబంధం సగం అర్థమైనట్టే.

మాయ బయటికి వచ్చేస్తే మూలం పోతుంది. అందుకే జబ్బు ముదిరినప్పుడు నెలలు నిండకపోయినా కాన్పు చేస్తారు. ‘కాన్పైతే బీపీ పోతుంది’ అనే మాట ఇందులోంచే పుట్టింది. అబద్ధమేం కాదు గానీ పూర్తి నిజమూ కాదు.

గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. గుండె ప్రతి నిమిషానికీ 30 నుంచి 50 శాతం ఎక్కువ రక్తాన్ని పంపు చేస్తుంది. ఒకరకంగా ఇది నెలల తరబడి సాగే ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటిది. మామూలుగా ఇంట్లో తిరిగేటప్పుడు బయటపడని గుండె ఇబ్బంది ట్రెడ్‌మిల్ మీద బయటపడినట్టే, బీపీ, షుగర్ వచ్చే స్వభావం లోపల ఉన్నవారిలో గర్భం దాన్ని పదిహేను, ఇరవై ఏళ్ల ముందే బయటపెడుతుందన్నది ఒక వాదన. అలా కాదు, ప్రీఎక్లాంప్సియానే రక్తనాళాలకు, గుండె కండరానికి దెబ్బ తీసి, ఆ మచ్చను మిగిల్చి పోతుందన్నది మరో వాదన. కాన్పై నెలలు గడిచాక పరీక్షించినా కొందరిలో గుండె కండరం మందంగా ఉండటం, రక్తనాళాలు తగినంతగా సాగకపోవటం కనిపిస్తోంది. రెండూ ఎంతో కొంత నిజం కావొచ్చు. ఏ వాదన నెగ్గినా ఆ తల్లి చేయాల్సిన పని మాత్రం మారదు.

ముప్పు ఎంత?

బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2007లో ఒక విశ్లేషణ వచ్చింది. 25 అధ్యయనాల్లోని సుమారు 35 లక్షల మంది మహిళల వివరాలను కలిపి చూశారు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాత అధిక రక్తపోటు ముప్పు మూడున్నర రెట్లకు పైగా, గుండె రక్తనాళాల జబ్బు ముప్పు రెండు రెట్లు, పక్షవాతం ముప్పు 1.8 రెట్లు ఉన్నట్టు తేలింది. గుండె వైఫల్యం ముప్పైతే నాలుగు రెట్లని 2017లో మరో విశ్లేషణ చెప్పింది. అదే ఏడాది డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా కళ్లు తెరిపించేలా ఉంది. తొలి కాన్పులో బీపీ సమస్య వచ్చినవారిలో పదేళ్లు తిరిగేసరికి ఎంతమంది బీపీ మందులు వాడాల్సి వచ్చిందో లెక్క తీశారు. ఇరవైల్లో కన్నవారిలో 14 శాతం, నలభైల్లో కన్నవారిలో 32 శాతం! గర్భంలో బీపీ లేనివారిలో ఇవి 4 శాతం, 11 శాతమే.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ముప్పై ఏళ్ల అమ్మాయికి గుండెపోటు వచ్చే అవకాశం మామూలుగా చాలా చాలా తక్కువ. దానికి రెండు రెట్లంటే అదీ తక్కువే. కాకపోతే వయసు పెరుగుతున్నకొద్దీ అసలు ముప్పు పెరుగుతుంది, దాంతో పాటే ఈ రెట్టింపూ బరువెక్కుతుంది. పైగా దక్షిణాసియా వాసులకు మొదటి గుండెపోటు మిగతా దేశాలవారి కన్నా ఐదారేళ్లు ముందే వస్తున్నట్టు 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపించింది. అంటే మన ఆడవాళ్లకు వ్యవధి ఇంకాస్త తక్కువన్నమాట.

బీపీ సమస్య వచ్చిన అందరికీ ముప్పు ఒకేలా ఉండదు. ఎనిమిదో నెల దాటకముందే కాన్పు చేయాల్సి వచ్చినవారికి, రెండు కాన్పుల్లోనూ బీపీ వచ్చినవారికి, బిడ్డ బాగా తక్కువ బరువుతో పుట్టినవారికి ముప్పు ఎక్కువ. తొమ్మిదో నెల చివర్లో బీపీ కాస్త పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోకుండా గడిచిపోయినవారికి తక్కువ. తక్కువే తప్ప, లేదని కాదు.

కాన్పయ్యాక మొదటి వారం

దీర్ఘకాల సంగతి సరే. అంతకన్నా ముందు దాటాల్సిన గండం మరొకటుంది. దీన్ని మనవాళ్లు దాదాపుగా పట్టించుకోరు. కాన్పు కాగానే బీపీ తగ్గినట్టు కనిపించినా మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో మళ్లీ పెరుగుతుంది. గర్భంలో కణజాలాల్లో నిలిచిన నీరు ఈ రోజుల్లో తిరిగి రక్తనాళాల్లోకి రావటం దీనికో కారణం. మామూలు కాన్పు జరిగినవారు సరిగ్గా ఆ సమయానికి ఇంటికి వచ్చేసి ఉంటారు. సిజేరియన్ అయినవారు డిశ్చార్జి హడావుడిలో ఉంటారు. వచ్చేపోయే చుట్టాలు, పాలు సరిగా పట్టటం లేదని బెంగ, రాత్రంతా బిడ్డ ఏడుపు. ఆ సమయంలో ‘అమ్మా, తల పగిలిపోతోందే’ అని కూతురంటే ‘నిద్ర చాలక అమ్మా, చెవుల్లో దూది పెట్టుకో, గాలి తగులుతోంది’ అనేస్తారు. సిజేరియన్ అయితే వెన్నుకు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ మీదికి నెట్టేస్తారు. ఒక్కోసారి అదే కారణం కావొచ్చు కూడా. కానీ ఆ మాట అనుకునే ముందు బీపీ చూడాలి.

గర్భంతో ఉన్నన్నాళ్లూ బీపీ పూర్తిగా మామూలుగా ఉండి, కాన్పయ్యాక కొత్తగా ప్రీఎక్లాంప్సియా వచ్చేవారూ ఉన్నారు. ఇది ఎక్కువగా తొలి రెండు రోజుల్లోనే వచ్చినా ఆరు వారాల వరకూ ఎప్పుడైనా రావొచ్చు. మాత్రకు లొంగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారటం, పైకడుపులో కుడివైపు నొప్పి, ముఖం ఒక్కసారిగా ఉబ్బటం, ఆయాసం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు. బీపీ 160/110 చేరితే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదముంటుంది. లక్షణాలు ఉన్నా లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వెళ్లగానే ‘కాన్పై వారమైంది’ అని ముందు చెప్పాలి. పక్కన బిడ్డ లేకపోతే అత్యవసర విభాగంలో ఆమె బాలింత అని గుర్తించటం కష్టం.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ గురించి ఒక మాట. చాలా చవకైన మందు ఇది. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా మహిళలపై చేసి, 2002లో వెలువరించిన అధ్యయనంలో ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. ‘ఫిట్స్ రాకుండానే ఫిట్స్ మందు ఎందుకిచ్చారు?’ అని ఆసుపత్రిలో గొడవపడే బంధువులు గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఆయాసాన్ని విడిగా చెప్పుకోవాలి. చివరి నెల నుంచి కాన్పైన ఐదు నెలల వరకూ కొందరికి గుండె కండరం బలహీనపడే జబ్బు వస్తుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో ఇది మరింత ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే హాయిగా ఉంటుంది. రాత్రి దగ్గు, కాళ్ల వాపు తగ్గకపోగా పెరుగుతుండటం కనిపిస్తాయి. బాలింత నీరసమని, రక్తం తక్కువని పొరబడటం చాలా సులువు. ఎకో పరీక్షతో గుట్టు తేలిపోతుంది.

గర్భంలో బీపీ పెరిగినవారికి కాన్పైన 10 రోజుల్లోపు కనీసం ఒక్కసారైనా బీపీ చూసి తీరాలి. తీవ్రంగా పెరిగి ఉంటే 72 గంటల్లోపే. ఇందుకోసం పెద్దాసుపత్రికే పోనక్కర్లేదు. ఆసుపత్రిలో కాన్పైన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలన్నది జాతీయ కార్యక్రమంలో ఉన్న నియమమే. ఆమె వచ్చేది ప్రధానంగా బిడ్డ కోసం. తల్లి బీపీ సంగతీ ఆమెతో చెప్పి, ఏఎన్ఎం దగ్గర చూపించుకోవచ్చు. టీకాల రోజులూ అంతే. 6, 10, 14 వారాలకు బిడ్డను ఎత్తుకొని తల్లి వెళ్తుంది. బిడ్డ బరువు చూస్తారు, తొడకు సూది వేస్తారు, కార్డులో రాస్తారు. ఎత్తుకొచ్చిన తల్లి చేతికి బీపీ పట్టీ చుట్టడానికి పట్టేది రెండు నిమిషాలే. అడిగి చూపించుకోండి.

కొనగలిగితే ఇంట్లోనే డిజిటల్ బీపీ మిషన్ ఉంచుకోవటం మేలు. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అక్కడి మిషన్‌తో సరిపోల్చుకోవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి కూర్చొని, చేయి గుండె ఎత్తులో పెట్టి చూసుకోవాలి. మాట్లాడుతూ, బిడ్డకు పాలిస్తూ చూసుకుంటే వచ్చే అంకెను నమ్మలేం. 140/90 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. 150/100 ఉంటే చాలావరకు మందులు అవసరమవుతాయి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ బీపీ మందులు ఉన్నాయి కాబట్టి పాల కోసం మాత్రలు మానెయ్యొద్దు, మాత్రల కోసం పాలూ మానెయ్యొద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో 220 మంది బాలింతలపై చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఇంట్లో రోజూ బీపీ చూసుకుంటూ, దాన్నిబట్టి వైద్యులు మందుల మోతాదు సవరిస్తూ వచ్చినవారికి తొమ్మిది నెలల తర్వాత కూడా.. అంటే మందులు ఆపేసిన చాలా రోజులకు కూడా బీపీ మిగతావారి కన్నా తక్కువగానే ఉంది. కింది సంఖ్యలో తేడా దాదాపు 6. ఆ తొలివారాల్లో బీపీని గట్టిగా అదుపులో పెడితే ఫలితం తర్వాతా నిలుస్తోందన్నమాట.

ఫైలు ఎక్కడుంది?

మనదగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెల దాకా హైదరాబాద్‌లో ఒక డాక్టరు, ఆ తర్వాత సొంతూరి దగ్గరి పట్నంలో మరో డాక్టరు. బీపీ పెరిగింది ఇక్కడ, కాన్పైంది అక్కడ. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తింటికి వచ్చేటప్పుడు ఉయ్యాల వస్తుంది, వెండి గిన్నె వస్తుంది, ఫైలు మాత్రం అమ్మమ్మగారి బీరువాలో ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే గుర్తుండేది ‘కాస్త బీపీ ఉందన్నారు, ఆపరేషన్ చేశారు’ అన్నంత వరకే.

ఆ ‘కాస్త’ ఎంతో తెలియాలి. బీపీ ఎన్నో నెలలో మొదలైంది, అత్యధికంగా ఎంత నమోదైంది, మూత్రంలో ప్రొటీన్ పోయిందా, ఫిట్స్ వచ్చాయా, ఎన్ని వారాలకు కాన్పైంది, బిడ్డ ఎంత బరువు పుట్టింది, ఇంటికెళ్లేటప్పుడు ఏ మాత్రలిచ్చారు.. ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో సాధారణంగా ఉంటాయి. లేకపోతే రాసివ్వమని అడగొచ్చు. ఫోన్లో ఫొటో తీసి, ఆయన ఫోన్‌కూ పంపి పెట్టుకుంటే చాలు. తల్లీబిడ్డల రక్షణ కార్డును చాలామంది టీకాల కార్డుగానే చూస్తారు. కానీ అందులో గర్భిణి బీపీ, మూత్ర పరీక్షల గళ్లూ ఉంటాయి. టీకాలు పూర్తయ్యాయని పారెయ్యొద్దు.

మొదటి ఏడాది, ఆ తర్వాత..

ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. మూడు నెలలు దాటినా బీపీ దిగిరాకపోతే అది ఇక గర్భంతో వచ్చిన బీపీ కాదు, మామూలు బీపీ జబ్బే. ప్రొటీన్ ఇంకా పోతుంటే కిడ్నీ డాక్టరును కలవాలి. అంతా బాగుంటే ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి. తొలి ఏడాదిలో ఒకసారి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకొని, ఆ ఫలితాలను బట్టి మళ్లీ ఎప్పుడన్నది డాక్టరుతో తేల్చుకోవాలి. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి మధుమేహం ముప్పూ ఎక్కువే. ప్రభుత్వం ఊళ్లలో ఉచితంగా చేసే బీపీ, షుగర్ పరీక్షలు 30 ఏళ్లు నిండినవారి కోసం ఉద్దేశించినవి. మరి ఇరవై రెండేళ్లకే గర్భంలో బీపీ వచ్చిన అమ్మాయి మాటేమిటి? ఆమె ముప్పై వరకూ ఆగకూడదు. ఉపకేంద్రానికి వెళ్లి సంగతి చెప్పి బీపీ చూపించుకోవచ్చు.

బిడ్డకు పాలివ్వటం తల్లికీ మంచిదే. ఎక్కువకాలం పాలిచ్చినవారిలో తర్వాత బీపీ తక్కువగా ఉంటున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. గర్భంలో పెరిగిన బరువు తగ్గించుకోవటం, రోజూ అరగంట నడవటం, ఉప్పు తగ్గించటం అందరికీ తెలిసినవే. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు పూటలా ఆవకాయ, నడుమ అప్పడాలు, వడియాలు వేసుకునే ఇంట్లో ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. అయితే గర్భంతో ఉన్నప్పుడు ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా రాదనుకోవటం మాత్రం అపోహే. ఉప్పు తగ్గించటంతో లాభం తర్వాతి జీవితానికి. బాలింతను మంచం దిగనివ్వకపోవటమూ సరికాదు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మెల్లగా అటూ ఇటూ తిరగటమే మేలు. కంటినిండా నిద్రపొమ్మని పసిబిడ్డ తల్లికి సలహా ఇవ్వటం తేలికే. బిడ్డ తండ్రి రాత్రి లేచి గుడ్డలు మార్చి, జోకొట్టి నిద్రపుచ్చితే తప్ప ఆ సలహాకు అర్థం లేదు.

కుటుంబ నియంత్రణ విషయంలోనూ జాగ్రత్త కావాలి. రెండు రకాల హార్మోన్లు కలిసిన మాత్రలు బీపీని పెంచొచ్చు. బీపీ ఉన్నవారికి ఇవి తగవు. కాపర్ టీ వంటి హార్మోన్లు లేని పద్ధతులతో ఈ బెడద లేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పాలి.

మళ్లీ గర్భం ధరించాలనుకుంటే

ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో సుమారు ఆరేడుగురిలో ఒకరికి మళ్లీ రావొచ్చు. మొదటిసారి మరీ ముందుగా, 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చి ఉంటే ముగ్గురిలో ఒకరి దాకా. మిగతావారికి రాదనేగా అర్థం! కాకపోతే ముందే సిద్ధమవ్వాలి.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇప్పుడు వేసుకుంటున్న బీపీ మాత్రలు. మన దగ్గర బాగా వాడుకలో ఉన్న టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి గర్భిణులకు పనికిరావు. ఇవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఎనలాప్రిల్ బాలింతలకు ఇవ్వదగ్గదే, గర్భిణులకు మాత్రం కాదు. తిరకాసంతా ఇక్కడే. తొలి కాన్పు తర్వాత మొదలెట్టిన మాత్రే మళ్లీ నెల తప్పాక కూడా కొనసాగిపోతుంటుంది. కాబట్టి గర్భం కోసం ప్రయత్నించటానికి ముందే డాక్టరును కలిసి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి వాటికి మారాలి. అనుకోకుండా నెల తప్పినా భయపడి మాత్రలన్నీ ఆపెయ్యకుండా వెంటనే డాక్టరును కలవాలి.

తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇప్పుడు బాగా నమ్మదగ్గ నివారణ మార్గం. ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11-14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకూ రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే 37 వారాల లోపు కాన్పుకు దారితీసే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గినట్టు 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనం చూపించింది. ఇది మాయ నాటుకునే తొలినెలల్లో మొదలెడితేనే ఫలితం. అందుకే పాత ఫైలు ఐదో నెలలో కాదు, మొదటి చెకప్‌లోనే డాక్టరు ముందు ఉండాలి. సొంతంగా మాత్ర కొనుక్కోవద్దు, అందరికీ సరిపడదు. ఇక సర్కారు దవాఖానాలో 14 వారాల నుంచి రోజుకు రెండు చొప్పున ఇచ్చే క్యాల్షియం మాత్రలు ఎముకల కోసమే అనుకొని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఆహారంలో క్యాల్షియం తక్కువగా ఉండేవారికి ఇవి ప్రీఎక్లాంప్సియా ముప్పునూ తగ్గిస్తాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ముప్పు ఎక్కువున్న వారిని గుర్తించటమే దాని ఉద్దేశం కాబట్టి పాత కాన్పు కబురు అక్కడ తప్పక చెప్పాలి.

పాతికేళ్ల కిందటి కాన్పైనా..

ఇది చదువుతున్నవారిలో యాభై దాటినవారూ ఉంటారు. ‘మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చాయి, పెద్దాసుపత్రికి తీసుకుపోయారు’ అని గుర్తున్నవారు, కాగితాలేవీ లేనివారు. కాగితం లేకపోయినా మీ మాటే ఆధారం. ఒళ్లంతా ఉబ్బిందా, బీపీ ఎక్కువని మాత్రలిచ్చారా, నెలలు నిండకుండా కాన్పు చేశారా, ఫిట్స్ వచ్చాయా.. గుర్తున్నంత వరకు డాక్టరుకు చెబితే చాలు. ముట్లు ఆగాక ఆడవాళ్లలో గుండెజబ్బు ముప్పు ఎలాగూ పెరుగుతుంది. దీనికి ఆ పాత బీపీ కూడా తోడైందని తెలిస్తే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ విషయంలో డాక్టరు నిర్ణయం మారొచ్చు. ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనుకున్న కొలెస్ట్రాల్ మాత్ర ఇప్పుడే మొదలెట్టాల్సి రావొచ్చు.

గుండెపోటు వచ్చినప్పుడు ఆడవాళ్లలోనూ ఎక్కువగా కనిపించేది ఛాతీ నొప్పే. కాకపోతే దాంతో పాటు దవడ, మెడ, వీపు నొప్పి, వికారం, ఆయాసం, చెమటలు, అంతుచిక్కని నిస్సత్తువ వీరిలో ఎక్కువ. ‘గ్యాస్ పట్టేసింది’ అని సోడా తాగి పడుకునే ముందు, కాన్పులో బీపీ వచ్చినవారు ఈసీజీ తీయించుకోవటమే మంచిది.

ఇక కూతుళ్ల సంగతి. తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. అమ్మాయి నెల తప్పిందని కబురు తెలిసిన రోజునే ‘నీ కాన్పప్పుడు నాకు బీపీ వచ్చింది, మొదటి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు చెప్పు’ అని ఫోన్లో ఒక మాట చేరవేయండి. ఆస్పిరిన్ అవసరమా లేదా అన్నది డాక్టరు తేల్చేటప్పుడు పరిగణించే అంశాల్లో అదీ ఒకటి.